బియ్యప్పిండి లేని జంతికలు



నెల్లూరు జిల్లాలో నీళ్ల పంపకం సంగం దగ్గర మొదలవుతుంది. బ్రిటిష్ కాలం నాటి పాత ఆనకట్టకు బదులుగా కట్టిన మేకపాటి గౌతమ్ రెడ్డి సంగం బ్యారేజీ 2022 సెప్టెంబరు 6న ప్రారంభమైంది. అక్కడ మళ్లిన పెన్న నీరు కనిగిరి రిజర్వాయరుకూ కనుపూరు కాలువకూ వెళ్తుంది. ఆ నీరు పారినంత మేర వరే వరి. మొలగొలుకులు అనే వరి పండిన నేల అది. సంగం నుంచి పడమటికి తిరిగి ఆత్మకూరు దాటితే సంగతి వేరు. దుత్తలూరు, వింజమూరు, కలిగిరి, ఉదయగిరి, వరికుంటపాడు వైపు పోయేకొద్దీ మాగాణి పలచబడి మెట్ట పెరుగుతుంది. బోరు లేని చోట వానే ఆధారం. చేలల్లో మినుము, పెసర, కంది, శనగ, వేరుశనగ కనిపిస్తాయి.

చేలు ఇంత వేరుగా ఉన్నా, పండక్కి బాణలి పొయ్యి మీదికి ఎక్కాక తూర్పు ఇంటికీ పడమటి ఇంటికీ తేడా పెద్దగా ఉండదు. జంతికలకు బియ్యప్పిండి, చెక్కలకు బియ్యప్పిండి, అరిసెలకు తడి బియ్యప్పిండి. సమోసాకు మైదా. శనగపిండితో చేసే బజ్జీలో కూడా కరకరలాడాలని గుప్పెడు బియ్యప్పిండి పడుతుంది. ధాన్యం లేని కారం తినుబండారం ఏదైనా చెప్పమంటే చాలామంది కాసేపు ఆలోచిస్తారు. నిజానికి దానికి కావలసిన ముఖ్యమైన దినుసులన్నీ సంగానికి పడమట మెట్ట చేలల్లోనే పండుతున్నాయి. పరాయి దేశం నుంచి వచ్చే ఖరీదైన పొట్లాలకు ఎదురుచూడాల్సిన పని లేదు.

ముందుగా ధాన్యం అంటే ఇక్కడ ఏమిటో తేల్చుకోవాలి. వరి, గోధుమ, జొన్న, సజ్జ, రాగి, కొర్ర, మొక్కజొన్న, ఇవన్నీ గడ్డి జాతి మొక్కల గింజలు. సిరిధాన్యాలని పేరున్నవీ ఇందులోకే వస్తాయి. శనగ, మినుము, పెసర, కంది చిక్కుడు కుటుంబానివి. వాటిలో మాంసకృత్తులు ఎక్కువ, పిండిపదార్థం తక్కువ. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల బియ్యంలో మాంసకృత్తులు దాదాపు 8 గ్రాములు ఉంటాయి. శనగపప్పులో 21 గ్రాములు పైగా, మినప్పప్పులో 23 గ్రాముల దాకా ఉంటాయి. పీచు తేడా ఇంకా పెద్దది. బియ్యంలో 3 గ్రాములు కూడా ఉండదు, శనగపప్పులో 15 గ్రాములు.

ధాన్యం వద్దనేవాళ్లు రకరకాలు. అందరికంటే పెద్ద గుంపు మధుమేహం ఉన్నవాళ్లు. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన దేశవ్యాప్త సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10 కోట్ల పైచిలుకు అని అవి చెప్పాయి. ఆ అంచున నిలబడ్డవాళ్లు మరో 13 కోట్ల 60 లక్షల మంది. మూడు పూటలా బియ్యమే తినే ఇళ్లలో సాయంత్రం టీతో పాటు మళ్లీ బియ్యప్పిండే లోపలికి పోతుంది. జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా ఈ అలవాటునే పట్టుకున్నాయి. రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదని, పప్పుల వాటా పెరగాలని అవి సూచించాయి.

మరో గుంపు చిన్నది. వాళ్ల అవసరం మాత్రం కఠినమైనది. గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లకు ఒక్క మైదా బిళ్ల తిన్నా పేగు దెబ్బతింటుంది. ఈ జబ్బుకు గోధుమే కారణమని తేల్చినవాడు విల్లెం డికే అనే డచ్ పిల్లల వైద్యుడు. రెండో ప్రపంచ యుద్ధం చివర, 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో రొట్టెకు కరువు వచ్చింది. ఆ కరువులో ఈ జబ్బు పిల్లలు తేరుకోవడం, రొట్టె దొరకడం మొదలయ్యాక మళ్లీ కుంగిపోవడం ఆయన అనుమానాన్ని గట్టిపరిచాయి. మన దేశంలో ఈ జబ్బు గోధుమ తినే ఉత్తరాదిలో ఎక్కువ, దక్షిణాదిలో చాలా తక్కువ. వీళ్లకు బియ్యం పడుతుంది, గోధుమ, బార్లీ లాంటివి పడవు. అందుకే డాక్టరు ఏది మానమన్నాడో అది తెలుసుకుని మానాలి. పేరు విని అన్నీ మానేస్తే పిల్లలకు తిండి తగ్గి బక్కచిక్కుతారు.

2018 ప్రాంతంలో తెలుగు జిల్లాలన్నిటా ఇంకో గాలి వీచింది. వీరమాచనేని రామకృష్ణ చెప్పిన ఆహార పద్ధతిలో అన్నం, రొట్టె, పప్పు అన్నీ మానేసి కొబ్బరినూనె, నెయ్యి, మాంసం, గుడ్డు వైపు వేలమంది మళ్లారు. వైద్యుల్లో చాలామంది దానికి అభ్యంతరం చెప్పారు. ఆ వాదన సంగతి ఎలా ఉన్నా, వంటింట్లో దాని గుర్తు ఒకటి మిగిలింది. బాదం పిండితో జంతికలు, కొబ్బరి పిండితో దోసెలు అనే మాటలు అప్పుడే ఊళ్లలో వినపడ్డాయి. ప్రపంచంలో పండే బాదంలో దాదాపు 80 శాతం అమెరికాలోని కాలిఫోర్నియాలో పండుతుంది. ఒక కిలో బాదం కొనే డబ్బుతో ఆరేడు కిలోల శనగపప్పు వస్తుంది. పైగా బాదం పిండి ముద్దను గొట్టంలో పెట్టి ఒత్తితే తీగ సాగదు, తెగిపోతుంది. కూలికి పోయి వచ్చే ఇంట్లో, నలుగురు పిల్లలున్న ఇంట్లో అది కుదిరే వంట కాదు.

మెట్ట మాత్రం పప్పుకు పుట్టినిల్లు. ఆంధ్రప్రదేశ్‌లో శనగ సాగు పెరగడం వెనుక ఒక విత్తనం ఉంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి తయారుచేసిన జేజీ 11 రకం 1999లో విడుదలైంది. త్వరగా కోతకు వచ్చే రకం, ఎండు తెగులును తట్టుకునే రకం కావడంతో ప్రకాశం, కర్నూలు నల్లరేగడి నేలల్లో రైతులు దాన్ని గబగబా అందుకున్నారు. నేలలో మిగిలిన తేమతోనే శీతాకాలంలో కాయ కట్టే పంట అది. మినుముకు పల్లాకు తెగులు పెద్ద శత్రువు. తెల్లదోమ మోసుకొచ్చే ఆ వైరస్ తగిలితే ఆకులు పసుపు పచ్చబడి కాయ నిలవదు. ఆ తెగులును తట్టుకునే రకాల కోసం గుంటూరు దగ్గరి లాం, తిరుపతి పరిశోధన స్థానాలు ఏళ్ల తరబడి పనిచేశాయి. సంగం అంగట్లో కొనే శనగపిండి పొట్లం వెనుక, మినప్పప్పు సంచి వెనుక ఇంత పని ఉంది.

మెట్ట ఇళ్లలో వెనకటికి సజ్జ సంగటి, రాగి సంగటి ఉండేవి. 1983లో ఎన్‌టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాక పేదల కంచంలోకి వరి అన్నం రోజూ వచ్చింది. ఆకలి తీర్చిన పథకం అది, దాన్ని తక్కువ చేయకూడదు. కాకపోతే ఇంట్లో బియ్యం ఎప్పుడూ నిండుగా ఉంటే పిండి కూడా బియ్యానిదే అవుతుంది. మిగిలిన బియ్యం మరకు పోయి జంతికల పిండిగా తిరిగి వస్తుంది.

ఎడారిలో బియ్యం లేదు. అక్కడివాళ్లు ఏం చేశారో చూడాలి. రాజస్థాన్‌లోని బికనీరులో 1877లో డూంగర్ సింగ్ మహారాజు కాలంలో భుజియా మొదలైందని చెబుతారు. ఆ ఇసుక నేలలో పండే మోఠ్ అనే చిన్న పప్పు పిండి, శనగపిండి, మిరియాల లాంటి మసాలాలు, అంతే. బియ్యప్పిండి ఊసు లేదు. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మధ్యప్రదేశ్‌లోని రత్లాం సేవ్ కూడా శనగపిండిదే, లవంగం ఘాటుతో. పప్పు పిండితో కరకరలాడే వంట కుదరదనుకునేవాళ్లకు ఈ రెండు ఊళ్లు చాలు. ఇంకా వెనక్కి పోతే, 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి పేరున ఉన్న మానసోల్లాసంలో అయిదు రకాల పప్పుల పిండి కలిపి చేసే వంటకం గురించి ఉంది. మినుముతో చేసే వడ కూడా అందులో ఉంది.

ఇక పని దగ్గరికి వద్దాం.

జంతికలో బియ్యప్పిండి ఏం చేస్తుందో తెలిస్తే దాన్ని తీసేశాక ఏం పెట్టాలో తెలుస్తుంది. బియ్యంలో ఎక్కువ భాగం పిండిపదార్థమే. వేడి నూనెలో పడగానే ముద్దలోని నీటితో అది ఉబ్బి, నీరు ఆవిరైపోయాక పలచని గట్టి గోడలుగా నిలుస్తుంది. కొరికితే టక్కున విరిగేది ఆ గోడలే. శనగపిండిలో మాంసకృత్తులు ఎక్కువ. అవి వేడికి గడ్డకట్టి దళసరి గోడ కడతాయి. అందుకే ఒట్టి శనగపిండి జంతిక మరీ గట్టిగా అయినా వస్తుంది, మెత్తబడి పళ్లకు అంటుకునేట్టు అయినా వస్తుంది. రంగు కూడా తొందరగా తిరుగుతుంది. మాంసకృత్తులు, చక్కెరలు వేడికి కలిసినప్పుడు వచ్చే ఎరుపు అది. పైన ఎర్రబడిందని తీసేస్తే లోపల పచ్చిగా ఉంటుంది, సాయంత్రానికి మెత్తబడుతుంది.

దీనికి విరుగుడు ఒక్క పిండిలో లేదు, మూడు నాలుగు పిండుల కలయికలో ఉంది. రెండు గ్లాసుల శనగపిండి. ఒక గ్లాసు పుట్నాల పొడి. అర గ్లాసు వేయించిన మినప్పిండి. పావు గ్లాసు సగ్గుబియ్యం పొడి. పుట్నాలు ముందే వేగి గుల్లబారినవి కాబట్టి కొరుకుడును తేలిక చేస్తాయి. మినుము తీగ తెగకుండా పట్టి ఉంచుతుంది. సగ్గుబియ్యం కర్రపెండలం దుంప నుంచి తీసే పిండిపదార్థం. బియ్యప్పిండి పోయిన చోటును కొంత అదే పూరిస్తుంది. కాకినాడ జిల్లా సామర్లకోట, పెద్దాపురం ప్రాంతంలోనూ తమిళనాడు సేలంలోనూ దాన్ని తయారుచేస్తారు.

సగ్గుబియ్యం దగ్గర ఒక్క జాగ్రత్త తప్పదు. మిక్సీలో పొడి చేశాక సన్నని జల్లెడ పట్టాల్సిందే. పలుకు మిగిలితే నూనెలో అది టప్పున పేలి చేతుల మీద, ముఖం మీద చిందుతుంది. పిల్లలు చుట్టూ చేరే పండగ పూట ఇది మరీ ముఖ్యం.

శనగపిండిని అట్లాగే కలిపితే పచ్చివాసన పోదు. అడుగు మందంగా ఉన్న బాణలిలో సన్నని సెగ మీద కమ్మని వాసన వచ్చేవరకు కలుపుతూ వేయించాలి, రంగు మాత్రం మారనీయకూడదు. ఉదయగిరి కొండల కర్రతో అక్కడి కళాకారులు చెక్కే గరిటెలు దీనికి బాగా అక్కరకొస్తాయి. ఆ చెక్క గరిటెలకు, చెంచాలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అడుగంటిన పిండిని గీకకుండా తిప్పడానికి, పిడి వేడెక్కకుండా పట్టుకోవడానికి చెక్కను మించింది లేదు. వేయించిన పిండి పూర్తిగా చల్లారాక మిగతా పిండ్లు కలిపి, ఉప్పు, కారం, చేత్తో నలిపిన వాము, నువ్వులు వేయాలి. ఆ తర్వాత బాగా కాగిన నూనె మూడు చెంచాలు పిండి మధ్యలో పోయాలి. నూనె సుర్రుమని పొంగాలి. పిండి గుప్పిట్లో పట్టి నొక్కితే ముద్దగా నిలిచి, వేలితో తాకగానే విడిపోవాలి. అదే కొలత. నూనె తక్కువైతే జంతిక రాయిలా ఉంటుంది, ఎక్కువైతే బాణలిలోనే విడిపోయి పొడి అవుతుంది.

నీళ్లు పోసేటప్పుడు బియ్యప్పిండి అలవాటును పక్కన పెట్టాలి. శనగపిండి తక్కువ నీళ్లే తాగుతుంది. బియ్యప్పిండికి పోసినట్టు గ్లాసు ఎత్తి పోస్తే ముద్ద జిగటై చేతికి అంటుకుంటుంది, గొట్టం బిళ్లకు అతుక్కుంటుంది. గోరువెచ్చని నీళ్లు చేత్తో చిలకరిస్తూ కలపాలి. గొట్టం లోపల, అరచేతికి నూనె రాయాలి. ముద్దను తడిగుడ్డ కింద పది నిమిషాలకు మించి ఉంచకపోవడమే మంచిది. మొత్తం పిండిని ఒకేసారి కలిపి పెట్టడం కన్నా రెండు మూడు వాయిలకు సరిపడా కలుపుకుంటూ పోవాలి.

నూనె వేడి చూడటానికి చిన్న ముద్ద వేయాలి. అది అడుగుకు పోయి, ఒక క్షణం ఆగి, మెల్లగా పైకి రావాలి. వేయగానే ఎగిరొస్తే నూనె ఎక్కువ కాగింది. మంట మధ్యస్తం కంటే కాస్త తక్కువగానే ఉండాలి. జంతిక వేయగానే చుట్టూ బుడగలు గలగలమంటాయి. అవి లోపలి నీరు ఆవిరై బయటికి వస్తున్న గుర్తు. బుడగలు తగ్గి, చప్పుడు అణిగి, నూనె దాదాపు నిమ్మళించినప్పుడే తీయాలి. రంగు చూసి తీసేవాళ్ల జంతిక మెత్తబడుతుంది, చప్పుడు విని తీసేవాళ్ల జంతిక నిలుస్తుంది. వేడి మీద అది కొంచెం మెత్తగానే ఉంటుంది. చల్లారాక విరిచి చూడాలి.

గారె సంగతికి వస్తే, అది పుట్టుకతోనే ధాన్యం లేని వంట. మినప్పప్పు, ఉప్పు, అల్లం, పచ్చిమిర్చి, అంతే. సంగం ప్రాంతంలో నాటుకోడి పులుసుతోనో, తీయగా అయితే పాకంలోనో గారె లేని పండగ ఉండదు. కానీ హోటలు గారెలో పైపొర కరకరలాడటానికి బియ్యప్పిండి కలుస్తుంది. ఇంట్లో కూడా రుబ్బు పలచనైపోతే తోడు కోసం బియ్యప్పిండో రవ్వో వేస్తారు. అక్కడే ధాన్యం దొంగదారిన వస్తుంది.

ఇది ఆపాలంటే రుబ్బు పలచబడకుండా చూసుకోవడమే దారి. పప్పు నాలుగు గంటలు నానితే చాలు. రాత్రంతా నానితే నీరు ఎక్కువ పీలుస్తుంది. నీళ్లు పూర్తిగా వాడ్చి, రుబ్బేటప్పుడు చేయి తడి చేసుకునేంత నీరే వాడాలి. ఉప్పు చివర వేయాలి, ముందే వేస్తే పిండి నీరు వదులుతుంది. రుబ్బయ్యాక గిన్నెలో చేత్తో గుండ్రంగా ఒకే దిక్కుగా బాగా కొట్టాలి. గిన్నెడు నీళ్లలో ఉసిరికాయంత పిండి వేసి చూడాలి. తేలితే పిండి సిద్ధం, మునిగితే ఇంకా కొట్టాలి. మినుములో గాలిని పట్టి ఉంచే గుణం ఉండటమే దీనికి కారణం. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1970లలోనే దీన్ని పరిశీలించారు. మినుములోని ఒక రకం మాంసకృత్తులు నురుగు కడితే, దానిలోని బంక ఆ నురుగు చెదరకుండా కాపాడుతుందని వాళ్లు చూపారు. గారె లోపల దూదిలా ఉండటానికి సోడా అక్కర్లేదు. ఈ రెండే చాలు. ఎంత జాగ్రత్తపడినా పలచనైతే రెండు చెంచాల పుట్నాల పొడి వేయవచ్చు, అది నీటిని పీలుస్తుంది, పైపొరనూ గట్టిపరుస్తుంది.

మసాలా వడకు, పకోడీకి, అరటికాయ బజ్జీకి ఇంత వివరం అక్కర్లేదు. బియ్యప్పిండి బదులు కాగిన నూనె ఒక చెంచా కలిపితే బజ్జీ కరకరలాడుతుంది. ఉల్లిపాయలకు ముందే ఉప్పు రాసి పావుగంట ఉంచితే వాటి నీటితోనే పకోడీ పిండి తడుస్తుంది. పెసరట్టులో గుప్పెడు బియ్యం నానబెట్టే అలవాటున్న ఇళ్లలో ఆ గుప్పెడు బదులు మినప్పప్పు వేస్తే సరిపోతుంది.

ఇంత చేసినా ధాన్యం ఇంకో చోటి నుంచి రావచ్చు. అది పిండి మర. పల్లెల్లో ఒకే మరలో బియ్యం, రాగులు, గోధుమలు, శనగపప్పు అన్నీ ఆడతారు. తొట్టిలోనూ రాళ్ల మధ్యనూ ముందు ఆడిన పిండి గిద్దెడైనా మిగిలే ఉంటుంది. మధుమేహం ఉన్నవాళ్లకు దానివల్ల వచ్చే నష్టం ఏమీ లేదు. సీలియాక్ ఉన్న పిల్లవాడి తల్లికి మాత్రం అదే పెద్ద సమస్య. మర దగ్గర అలాంటి తల్లి అడిగే మాట ఒకటే ఉంటుంది. "అన్నా, ఇంతకు ముందు ఏం ఆడినావు?" గోధుమ అని జవాబు వస్తే ఆమె పప్పు సంచి కిందికి దింపకుండా ఇంటికి తిరిగిపోవడమే మేలు. ముందు గుప్పెడు పప్పు ఆడించి ఆ పిండి వదిలేసినంత మాత్రాన ఈ జబ్బుకు భరోసా లేదు. ఇంట్లో కడిగి ఆరబోసిన పప్పును సొంత మిక్సీలో పట్టి జల్లించుకోవాలి.

ఇంగువ డబ్బా ఇంకా తెలియని చోటు. అంగట్లో దొరికే పొడి ఇంగువ మొత్తం ఇంగువ కాదు. అసలు ఇంగువ ఘాటు భరించలేనిది కాబట్టి తుమ్మ జిగురుతో పాటు గోధుమ పిండో బియ్యప్పిండో కలిపి పొడి చేస్తారు. డబ్బా మీద ఆ సంగతి సన్న అక్షరాల్లో రాసే ఉంటుంది, చదవాలి. ముడి ఇంగువ ఎక్కువగా అఫ్గానిస్థాన్, ఇరాన్, మధ్య ఆసియా దేశాల నుంచి వస్తుంది. మన దేశంలో దాన్ని పండించే ప్రయత్నం 2020 అక్టోబరులో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో మొదలైంది. పచారీ కొట్లో ముద్ద ఇంగువ దొరికినా, అందులో పిండి కలవలేదని అడిగి తెలుసుకుని వేడి నీళ్లలో కరిగించి వాడుకోవాలి.

విడిగా అమ్మే శనగపిండికి కల్తీ భయం పాతది. కాళ్లు చచ్చుబడే జబ్బుకు కారణమైన కేసరి పప్పును దానిలో కలిపేవారు. ఆ పప్పు అమ్మకంపై 1961లో నిషేధం వచ్చింది. చవక బఠాణీ పిండి, మొక్కజొన్న పిండి కలపడం కూడా ఉంది. పప్పు కొని, ఏరి, ఎండబెట్టి, ఇంట్లోనో నమ్మకమైన మరలోనో ఆడించుకుంటే ఈ భయాలన్నీ ఒక్కసారే పోతాయి. కొత్తగా ఆడించిన శనగపిండి కమ్మదనం పొట్లం పిండికి ఎప్పటికీ రాదు. అయితే శనగపప్పులో 5 శాతం దాకా కొవ్వు ఉంటుంది. పిండి నెల దాటితే కనరు వాసన వస్తుంది, తక్కువ తక్కువగా ఆడించుకోవాలి.

ధాన్యం లేదు కదా అని పళ్లెం నిండా తినడం మాత్రం కూడదు. నూనెలో వేగింది ఏదైనా నూనె వంటే. పప్పు పిండిలో చక్కెర మెల్లగా రక్తంలోకి చేరుతుంది కానీ చేరకుండా పోదు. మధుమేహం ఉన్న పెద్దాయనకు భోజనం మధ్య రెండు గారెలు వేరు, టీవీ ముందు డబ్బా పెట్టుకుని కూర్చోవడం వేరు. మూత్రపిండాల జబ్బున్నవాళ్లు పప్పు ఎంత తినాలో వైద్యుణ్ని అడిగి తీరాలి. పప్పులోని కొన్ని చక్కెరలు మన పేగులో అరగక గ్యాసు పుట్టిస్తాయి. నానబెట్టిన నీళ్లు పారబోయడం, వాము, అల్లం, ఇంగువ వేయడం అందుకే. నూనె సంగతి కూడా ఉంది. మళ్లీ మళ్లీ కాచిన నూనెలో చెడు పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని దేశ ఆహార భద్రత సంస్థ 2018 జూలై నుంచి నిబంధన పెట్టింది. బండి మీద ఆ లెక్క ఎవరు చూస్తారో చెప్పలేం. ఇంటి బాణలిలో నూనె ఎన్నిసార్లు కాగిందో ఆ ఇంటి ఇల్లాలికి తెలుసు. ఇంట్లో చేసుకోవడానికి ఈ ఒక్క కారణమైనా చాలు.

ఉపవాసం ఉండేవాళ్ల లెక్క వేరు. తెలుగు ఇళ్లలో ఏకాదశికి, శనివారానికి అన్నం మాని ఉప్మా, ఇడ్లీ, చపాతీ తింటారు. అవీ ధాన్యమే. ఏకాదశి నియమం గట్టిగా పాటించేవాళ్లు పప్పులు కూడా ముట్టరు కాబట్టి పైన చెప్పిన జంతికలు, గారెలు వాళ్లకు పనికిరావు. వాళ్లకు దుంపలున్నాయి. శివరాత్రికి సంగంలోని కామాక్షీ సంగమేశ్వరుడి దర్శనానికి వచ్చి, జాగారం ఉండే ఇళ్లలో గెనుసుగడ్డ ఉడకడం పాత ఆచారం. అదే గెనుసుగడ్డను సగం ఉడికించి, తురిమి, నానిన సగ్గుబియ్యం, వేయించి పొడిచేసిన పల్లీలు, మిరియాలు, సైంధవ లవణం కలిపి బిళ్లలుగా తట్టి పెనం మీద కొద్ది నూనెతో కాల్చవచ్చు. సగ్గుబియ్యం రెండు గంటలు నాని, వేళ్ల మధ్య నలిపితే లోపల పలుకు లేకుండా నలిగిపోవాలి. గెనుసుగడ్డ ఎక్కువ ఉడికితే బిళ్ల పెనానికి అతుక్కుంటుంది, అప్పుడు ఇంకో గుప్పెడు పల్లీల పొడి కలిపితే కుదురుతుంది. ఒక వైపు పూర్తిగా ఎర్రబడి తనంతట తాను పెనం వదిలేవరకు తిప్పకూడదు.

మళ్లీ జంతికల సంగతికి వస్తే, వాటిని పండక్కి ఒక రోజు ముందే చేసి, పూర్తిగా చల్లారాక, తడి తగలని డబ్బాలో పెట్టుకోవచ్చు. బియ్యప్పిండివి నెలాళ్లు నిలుస్తాయి కానీ పప్పు పిండివి పదిహేను రోజుల్లో తినేయాలి. కాబట్టి సంక్రాంతికి డబ్బా నిండా ఒకేసారి చేసే కంటే, వారం వారం ఒక గొట్టం ఒత్తుకోవడం మంచి పద్ధతి.